నీడకో నీడ

ఆ ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. కూతురు యూనివర్సిటీకి వెళ్తుంది, తండ్రి ఆఫీసుకి వెళ్తాడు, తల్లి పగలంతా ఫ్యాను కింద హాయిగా నవల చదువుకుంటుంది. ఈ మూడింట్లో అనుకున్నట్టు జరగనిది రెండోదొక్కటే.

తండ్రిగారు బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసే అధికారి. బీమా కట్టినవాళ్ళకి ధీమా ఉంటుందంటారు గానీ, ఆ ధీమా ఈయన గుమ్మంలో అడుగుపెట్టేదాకానే. వానకి సోఫా తడిసిపోయిందని ఎవరైనా మొత్తుకుంటే ఈయన వెళ్ళి దానిమీద కూర్చునేవారు. కాసేపాగి లేచి, ప్యాంటు వెనక తడిమి చూసుకుని, "తడేదండీ?" అనేవారు. ఆయన ఆరా తీస్తే తడిసిన సోఫా కూడా ఆరిపోతుందని ఆఫీసులో చెప్పుకునేవారు. అలా ఆయనకి 'ఆరాగారు' అన్న పేరు స్థిరపడింది. ఇంట్లో భార్య "పాలు కాచానండీ" అన్నా సరే, గిన్నె ముట్టుకుని చెయ్యి చుర్రుమన్నాకే నమ్మేవారు. "అనుమానంలోనే మానం ఉంది, చూసుకోండి!" అనేది ఆయన సిద్ధాంతం.

అలాంటాయన కూతురికి ఆర్కిటెక్చర్‌లో సీటొచ్చింది. ఆ సీటు తీసుకుంటుందో లేదో ఆ సాయంత్రంలోగా చెప్పెయ్యాలి. ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ అదే పిచ్చి. అగ్గిపెట్టెలు కనిపిస్తే మేడలు కట్టేది. తండ్రి 'ఊ' అంటే చాలు. ఆయనేమో వారం రోజులుగా 'ఊఁ?' అంటున్నారు.

"అసలేముంటుందే ఆ చదువులో? గోడకి ఆరు కిటికీలు పెట్టి, వాటిమీద అయిదేళ్ళు చర్చ! ఆరు కిటికీల చర్చ. ఆర్కిటెక్చర్! అంతేగా?"

"నాన్నా, ఈ జోకు మొన్న కూడా వేశావు."

"జోకు కాదమ్మా, నిర్వచనం."

కూతురు బ్యాగు సర్దుకుంటూ మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. కొత్తగా సీటొచ్చినవాళ్ళు ఒకరోజంతా అక్కడ చదువుతున్న విద్యార్థి వెంట తిరగొచ్చు. వాళ్ళు ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్ళడం, ఎక్కడ కూర్చుంటే అక్కడ కూర్చోవడం. అచ్చం నీడలా. తనకి ఓ సీనియర్ అమ్మాయిని కేటాయించారట.

"వాళ్ళు చూపించదల్చుకున్నది చూపిస్తారు. చూపించనిదాన్ని ఎవరు చూస్తారు?" అన్నారు ఆరాగారు కళ్ళు చికిలించి.

"మీరు మాత్రం కాదు," అంది భార్య వంటింట్లోంచి. "పిల్ల పక్కన అడుగేశారంటే ఊరుకోను, చెప్తున్నా."

"సరే. పక్కన అడుగెయ్యను. మాటిస్తున్నా."

మాట తప్పే మనిషి కాదాయన. పక్కన వెయ్యలేదు. వెనక వేశారు.

బావమరిది ఎప్పుడో మర్చిపోయి వెళ్ళిన ఎర్ర టోపీ, నల్ల కళ్ళద్దాలు బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వాటిని దులిపి పెట్టుకున్నారు. అద్దంలో చూసుకుంటే కన్నతల్లి కూడా గుర్తుపట్టదనిపించింది. కన్నకూతురి సంగతి ఆలోచించలేదు. ఎడమ బూటు అడుగడుక్కీ కీచుమంటోంది. ఏళ్ళ తరబడి వింటున్న చప్పుడు కాబట్టి అది ఆయన చెవికి ఆనలేదు.

యూనివర్సిటీలో ఆ విభాగానికో పెద్ద సిమెంటు భవనం. లోపలికెళ్ళగానే రెండంతస్తుల ఎత్తున హాలు, హాలు నిండా లావాటి స్తంభాలు, పైన చుట్టూతా నడవా. కూర్చోవడానికి మాత్రం ఒక్క బల్ల లేదు. 'భవనాలు కట్టడం నేర్పే భవనంలో మనిషి నడుం వాల్చే దిక్కులేదు. అనుమానం నంబరు ఒకటి' అనుకుంటూ ఆరాగారు ఓ స్తంభం వెనక్కి చేరారు.

సీనియర్ అమ్మాయి వచ్చింది. జుట్టు ముడిలో పెన్సిలు, రెండు వేళ్ళకి ప్లాస్టర్లు, ఎర్రబడ్డ కళ్ళు, సంచీలోంచి కత్తిలా పైకి పొడుచుకొచ్చిన స్టీలు స్కేలు. అటుగా పోతున్న పిల్లలంతా "ఏయ్ స్కేలూ!" అని పలకరిస్తున్నారు. 'అసలు పేరుతో ఎవరూ పిలవట్లేదు. మారుపేరు! రెండో అనుమానం' అనుకున్నారు, తనని కూడా ఎవరూ అసలు పేరుతో పిలవరన్న సంగతి మర్చిపోయి.

స్కేలు నేరుగా హాలు మూలనున్న స్టేషనరీ కొట్టుకెళ్ళింది. వెనకాలే కూతురు. ఆ వెనకాల, ఓ స్తంభం ఎడంగా, తండ్రి.

"అన్నా, రెండు ప్యాకెట్లు బ్లేడ్లు. జిగురు పెద్ద డబ్బా."

"మొన్ననేగా పట్టుకెళ్ళావు?"

"అయిపోయాయన్నా. ఇవాళ రివ్యూ. రాత్రంతా నిద్రలేదు."

బ్లేడ్లు, జిగురు, నిద్రలేని రాత్రి! వీటన్నిటినీ కలిపి ఏ నేరం తయారుచెయ్యాలో వెంటనే తోచలేదు గానీ, ఏదో ఒకటి తయారవుతుందని ఆరాగారికి గట్టి నమ్మకం. వాళ్ళు మేడెక్కగానే ఆయనా ఎక్కారు. స్టూడియో అని రాసున్న గదిలోకి ఇద్దరూ వెళ్ళి తలుపేసుకున్నారు. ఆయన చెవి తలుపుకి ఆనించారు.

"మనుషులు సరిపోవట్లేదే," అంటోంది స్కేలు. "ఇంకో నలుగుర్ని కోసెయ్యాలి."

"పెద్దవాళ్ళనా, పిల్లల్నా అక్కా?" ఇది తన కూతురు గొంతే.

"ఎవరైనా పర్లేదు. పిల్లలైతే తొందరగా అయిపోతుంది. అయ్యయ్యో, వీడి తల తెగిపోయింది!"

"ఏం చేద్దాం అక్కా?"

"జిగురు పెట్టి అంటించి వెనక వరసలో నిలబెట్టెయ్. అక్కడెవరు చూస్తారు?"

"నేను కోస్తా, బ్లేడిటివ్వు."

ఆరాగారి తలమీది టోపీ దానంతటదే అంగుళం పైకి లేచింది. పిల్లిలా మెట్లు దిగి, కీచుకీచుమంటూ హాల్లోకొచ్చి, స్తంభం చాటున భార్యకి ఫోను చేశారు.

"నీ కూతురు బ్లేడు పట్టింది!" అన్నారు గుసగుసగా.

"పోన్లెండి, ఇంట్లో ఎన్నడూ చాకు పట్టి ఎరగదు. అక్కడైనా కొయ్యడం నేర్చుకుంటోంది."

"కోసేది మనుషుల్నే!"

అవతల పేజీ తిప్పిన చప్పుడు. "ఏవండీ, మీరు ఆఫీసులో లేరు కదూ?"

ఫోను పెట్టేశారు.

మళ్ళీ మేడెక్కి చూస్తే స్టూడియో తలుపు బార్లా తెరిచి ఉంది. ఎవరూ లేరు. ఇద్దరూ మాయం! కిందికొచ్చి, మళ్ళీ పైకెళ్ళి, మళ్ళీ దిగి, హాలు పక్కనున్న ఓ తలుపు లాగి చూశారు. తాళం వేసి ఉంది. ఇంకో వైపు వెళ్తే ఆ వసారా చివర గోడొచ్చింది. వెనక్కొచ్చి అదే తలుపు మళ్ళీ లాగారు. ఇంకేదో తలుపు తెరిస్తే చీపుర్లు మీద పడ్డాయి. కాళ్ళు పీకుతున్నాయి, కూర్చుందామంటే చోటు లేదు. మధ్యలో ఎవరో తనని చూస్తున్నట్టు వీపు మీద గిలిగింత పుట్టింది. చటుక్కున తిరిగి చూశారు. అటూ చూశారు, ఇటూ చూశారు, స్తంభం చుట్టూ తిరిగి చూశారు. పైకి మాత్రం చూడలేదు. 'చూసేవాణ్ణి నేనైతే నన్ను చూసేదెవరు?' అని తనకి తానే ధైర్యం చెప్పుకుని, తాళం వేసిన తలుపుని మూడోసారి లాగారు.

ఈ లాగుడు స్టేషనరీ కొట్టతనికి నచ్చలేదు. అతను సెక్యూరిటీ గార్డుకి కబురు పెట్టాడు. గార్డు హాల్లోకి వస్తూ, "ఎర్ర టోపీ, నల్ల కళ్ళద్దాలా? ఎక్కడ? ఎటెళ్ళాడు?" అని అరవడం ఆరాగారి చెవిన పడింది. చప్పున టోపీ, కళ్ళద్దాలు తీసి ప్యాంటు జేబులో కుక్కుకుని, నిటారుగా నిలబడి, గోడకున్న నిప్పార్పే డబ్బా మీద రాసినదంతా శ్రద్ధగా చదవసాగారు.

"ఏం కావాలి సార్? ఇక్కడేం చేస్తున్నారు?" అన్నాడు గార్డు.

"చూడ్డానికొచ్చాను," అన్నారు నీళ్ళు నములుతూ.

"ఏం చూడ్డానికి?"

"అదే... పిల్లల పని. ఎలా చేస్తున్నారో, ఏమిటో..."

గార్డు బూటు బూటుకి కొట్టి సెల్యూట్ చేశాడు. "మీరేనా సార్! రివ్యూకి బయట్నించి పెద్దాయన వస్తారని మేడమ్ ఇందాకట్నుంచి ఒకటే ఎదురుచూపులు. రండి సార్, రండి!" నాలుగడుగులు వేసి ఆగాడు. "అన్నట్టు సార్, ఎర్ర టోపీవాణ్ణి ఎవరినైనా చూశారా? చూడ్డానికి అచ్చం దొంగలా ఉంటాట్ట."

లేదని ఊరుకుంటే సరిపోయేది. కానీ సాక్ష్యాలు పుచ్చుకునీ పుచ్చుకునీ అలిసిపోయిన మనిషికి, ఒక్కసారి ఇచ్చే అవకాశం వస్తే నోరు ఆగుతుందా? "చూశాను. గేటు వైపు పరిగెత్తాడు. మళ్ళీ వస్తాడు, అలాంటివాళ్ళు తప్పకుండా వస్తారు. వదలకండి!" అన్నారు.

రివ్యూ గదిలో గోడ పొడుగునా బొమ్మలు అంటించి ఉన్నాయి. వాటిముందు చిన్న చిన్న అట్టల భవనాలు, వాటివెనక నిద్రమొహాలతో పిల్లలు. ఒక్కొక్కరు లేచి తాము గీసిందేమిటో చెప్పాలి, పెద్దలు తప్పులు పట్టాలి. తప్పులు పట్టడమే పనైతే తనకంటే తగినవాడు లేడని తెలిశాక ఆరాగారి మనసు కొంచెం కుదుటపడింది. ప్రొఫెసరమ్మ ఆయన్ని మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, "మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి సార్. మా పిల్లలకి అదే కావాలి," అంది.

మొదటగా స్కేలు లేచింది. ఆ పక్కన తన కూతురు! ఆరాగారు కనుబొమలతో సైగ చేశారు. కూతురు ఎవరో కొత్తాయన్ని చూసినట్టు చూసి, "నమస్కారం సార్," అంది.

ఆ పిల్లల ముందున్న అట్టల హాలులో వేలెడంత కాగితం మనుషులు నిలబడి ఉన్నారు. పెద్దవాళ్ళు, పిల్లలు, వెనక వరసలో ఒకడికి మెడ చుట్టూ జిగురు. ఆరాగారు వాణ్ణి చాలాసేపు చూశారు. వాడూ ఈయన్ని చూశాడు. పొద్దుటి హత్యలన్నీ ఒక్కొక్కటే ఊపిరి పోసుకుని లేచి కూర్చుంటున్నట్టనిపించింది.

"మన హాలునే మళ్ళీ కట్టాలంటే ఎలా కడతారన్నది మాకిచ్చిన పని," స్కేలు మొదలుపెట్టింది. "కిందటిసారి మేడమ్ నా బొమ్మ చూసి, 'గోడలున్నాయి, మనుషులు లేరు. వెళ్ళి ఒక తెలియని మనిషిని ఎంచుకుని, అతను ఎటు నడిచాడో, ఎక్కడ ఆగాడో చూసి గీసుకురా' అన్నారు. ఇవాళ మాకు ఒకాయన దొరికాడు. పై నడవాలోంచి చూస్తూ ఈ అమ్మాయే గీసింది."

కూతురు ఓ పెద్ద కాగితం గోడకి గుచ్చింది. హాలుని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా గీసిన బొమ్మ. దానిమీద వానపాము మెలికలు తిరిగినట్టు ఒక ఎర్ర గీత.

ఆరాగారు జీవితంలో దేన్నీ పైనుంచి చూసినవారు కాదు. ఆయనకి స్తంభాలు చుక్కల్లా, మెట్లు దువ్వెనల్లా కనిపించాయి. కానీ కూతురు వేలుపెట్టి, "ఇక్కడ స్తంభం వెనక దాక్కున్నాడు. ఇది తాళం వేసిన తలుపు, దీన్ని మూడుసార్లు లాగాడు. ఇది చీపుర్ల గది," అని చెబుతుంటే ఆయనలోని అధికారి ఒళ్ళు విరుచుకుని లేచాడు. ఎదురుగా ఆధారం! ఎన్నాళ్ళకి ఎవరో పద్ధతిగా ఆధారం తెచ్చి చూపించారు!

"ఆగమ్మా, ఆగు," అన్నారు. కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికెళ్ళారు. "ఇది నిజాయితీపరుడి నడక కాదు. నా సర్వీసంతా ఇలాంటివాళ్ళతోనే గడిచింది. పనున్నవాడు ఒక్కసారి కూడా దాక్కోడు. ఇతనెన్నిసార్లు దాక్కున్నాడో చూడండి! పైగా, తాళం వేసిన తలుపు మూడోసారి లాగాడంటే బుర్ర కూడా తక్కువే."

"అంటే సార్, మంచివాడు కాడంటారా?" కూతురు చేతులు కట్టుకుని వినయంగా అడిగింది.

"ససేమిరా."

"ఇంటి దగ్గర కూడా ఇలాగే ఉంటాడంటారా?"

"ఇంకా ఘోరంగా ఉంటాడు. ప్రతిదీ అనుమానమే అయుంటుంది. ఇతని భార్యని తల్చుకుంటేనే జాలేస్తోందమ్మా!"

స్కేలు ఎందుకో వెనక్కి తిరిగి గట్టిగా దగ్గింది. ప్రొఫెసరమ్మ ముచ్చటపడి, "ఎంత లోతైన పరిశీలన!" అని రాసుకుంది.

"నాకు మాత్రం అలా అనిపించలేదు సార్," అంది కూతురు. ఈసారి గొంతులో వినయం తగ్గింది, ఇంకేదో వచ్చి చేరింది. "దొంగైతే బయటికి దారెటా అని చూసుకుంటాడు. ఈయన ఒక్కసారి కూడా గేటు వైపు చూడలేదు. ఆగిన ప్రతిచోటునుంచీ నేను గీత గీసి చూశాను. తాళం తలుపు దగ్గరైనా, స్తంభం వెనకైనా, తిరిగి నిలబడి ఆయన చూసిందొక్కటే. మేడమెట్లు. మేం ఇద్దరం ఎక్కిన మెట్లు. ఇది దొంగ నడక కాదు సార్. ఎవరో తప్పిపోతారేమోనని భయపడే మనిషి నడక."



"అందుకే," అని స్కేలు అందుకుంది, "మెట్లు కనపడే చోట ఈ బల్ల వేశాం. ఎవరికోసమైనా కాచుకునేవాళ్ళు స్తంభాల చాటున నిలబడక్కర్లేకుండా, హాయిగా కూర్చుని చూసుకోవచ్చు."

ఆరాగారు వంగి చూశారు. అట్టముక్కతో చేసిన చిన్న బల్ల. దానిమీద ఒంటరిగా కూర్చున్న కాగితం మనిషి. వాడి తలమీద ఎర్రటి టోపీ.

ఆయన నోరు తెరిచారు. ఆ వెంటే తలుపు కూడా ధడాలున తెరుచుకుంది.

"దొరికాడు మేడమ్!" గార్డు ఓ పెద్దమనిషిని రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. బయటి ఎండకి నల్ల కళ్ళద్దాలు, తలమీద గోధుమరంగు టోపీ. "టోపీ రంగు మార్చేశాడు, చూశారా ఎంత జిత్తులమారో! గేటు దగ్గర పట్టుకున్నా. ఈ సారు చెప్పినట్టే మళ్ళీ వచ్చాడు!"

"నేను రివ్యూకి వచ్చానండీ బాబూ!" అంటున్నాడు ఆ పెద్దమనిషి, జారిన కళ్ళద్దాలు సవరించుకుంటూ. "ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నా! పిల్లల పని చూడ్డానికి వచ్చానంటే, వాళ్ళు ఆల్రెడీ వచ్చేశారు పద అంటాడేమిటి!"

అందరి కళ్ళూ మధ్య కుర్చీ వైపు తిరిగాయి. ఆరాగారికి ముచ్చెమటలు పోశాయి. తుడుచుకుందామని జేబులోంచి రుమాలు లాగారు. రుమాలుతోపాటు ఎర్ర టోపీ, ఆ వెనకాలే నల్ల కళ్ళద్దాలు నేలమీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి ప్రొఫెసరమ్మ కాళ్ళ దగ్గర ఆగాయి.

ఆవిడ టోపీని చూసింది. బల్లమీది కాగితం మనిషిని చూసింది. ఎర్ర గీతని చూసింది. "అంటే... ఈ గీత...?"

"నేనేనండీ," అన్నారు ఆరాగారు, కుక్కిన పేనులా. "ఆ అమ్మాయి నాన్నని."

"బుర్ర తక్కువని రాసుకున్నానండీ, కొట్టెయ్యమంటారా?" అంది ప్రొఫెసరమ్మ.

"ఉంచండి. సాక్ష్యం నాదే."

స్కేలు ఇక దగ్గు నటించలేక నేలమీద కూర్చుని నవ్వేసింది. గార్డు పెద్దమనిషి రెక్క వదిలి చొక్కా ముడతలు సరిచేశాడు. అసలు పెద్దమనిషి మధ్య కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగి, ఎర్ర గీతని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వేలితో వెంబడించి చూశాడు. "నన్ను రెక్కపట్టి ఈడ్చుకొచ్చినందుకు మీ అందరిమీదా కోపంగా ఉంది," అన్నాడు. "కానీ ఈ బల్ల బావుంది. ఇందాక గేటు దగ్గర నిలబెట్టినప్పుడు ఇలాంటిదే కావాలనిపించింది. ఈ గీత గీసిన పిల్ల ఏ సంవత్సరం?"

"ఇంకా చేరలేదు సార్," అంది కూతురు. తండ్రి వైపు చూడలేదు. అట్టముక్కల మధ్య నిలబడి, జిగురంటిన వేళ్ళని ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. "నాన్న ఊ అనాలి."

ఆరాగారు గొంతు సవరించుకున్నారు. తడిసిన సోఫాల ముందు, కాలిన కొట్ల ముందు నిలబడి ఏనాడూ పలకని మాట ఇవాళ పలకాల్సొచ్చింది. పొద్దుట్నుంచీ వెనకాలే తిరిగి కూడా తాను చూడలేనిది కూతురు చూసింది. తాను చెవి తలుపుకి ఆనించి కూడా వినలేకపోయినదాన్ని వింది. ఆ కాగితంమీద తన భయమంతా ఎర్రసిరాతో ఉంది, ఎక్కడా ఒక్క గీత ఎక్కువ లేదు.

"క్లెయిము మంజూరు," అన్నారు.

సాయంత్రం ఇద్దరూ పక్కపక్కనే నడుస్తూ ఇంటికి బయల్దేరారు.

"ఎప్పుడు కనిపెట్టావే? పై నడవాలోంచా?"

"మన వీధి మలుపులోనే నాన్నా. నీ ఎడమ బూటు కీచుమంటుంది."

"మా ఆఫీసులో ఎవరూ అనలేదే!"

"భయపడి ఉంటారు."

ఇంట్లో భార్య నవల మూసి, "మనుషుల్ని కోశారన్నారు, ఎందరు పోయారేం?" అని అడిగింది. "ఒక్కడే," అన్నారు ఆయన. "వాణ్ణీ బల్లమీద కూర్చోబెట్టారు." ఇకమీదట కూతురి వెనక అడుగు కూడా వెయ్యనని ఆవిడ చేతిలో చెయ్యేసి మరీ ఒట్టేశారు. ఆవిడ నమ్మింది. ఆ ఇంట్లో నమ్మే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

కాలేజీ తెరవడానికి ముందురోజు ఆరాగారు చేసిన పని ఒక్కటే. చెప్పులు కుట్టే అతని దగ్గర ఓపిగ్గా కూర్చుని, ఎడమ బూటు కీచుమనకుండా బాగుచేయించుకున్నారు.